రెండో తీగ

1943 ఏప్రిల్ 11, ఆదివారం. మాచర్ల

అక్క పెద్ద ఫిడేలుకి పై రెండు తీగలూ తెగిపోయాయి. ఎండలకి.

ఈ ఏడు ఎండలు మామూలుగా లేవు. స్టేషనులో నేను పనిచేసే గూడ్సు షెడ్డు ముందు దించిన నాపరాళ్ల మీద చెయ్యి ఆనిస్తే చుర్రుమంటోంది. మేక పేగులతో పేనిన తీగలు, ఎప్పటివో పాతవి, అవేం ఆగుతాయి. అక్క పొద్దున ఆసుపత్రిలో కట్టుగుడ్డలు కుట్టడానికి పోయింది. నేను ఇంట్లోనే ఉన్నాను. అక్క తిరిగొచ్చి, వాద్యం పెట్టె మూత తీసి, తెగిన కొసలు వేళ్లతో పట్టి చూసింది.

"ఎండకి తెగినట్టున్నాయక్కా" అన్నాను.

"అట్టనే ఉంది" అంది.

తెగిన ముక్కలు రెండూ చుట్టలు చుట్టి పసుపు డబ్బాలో పెట్టింది. పసుపులో ఉంటే పురుగు పట్టదట. తెగిన తీగకి పురుగు పడితే ఏం, పట్టకపోతే ఏం. అడగలేదు. ఇద్దరం అన్నం తిన్నాం. వంకాయ కూరలో ఉప్పు సరిపోయింది. ఆ సంగతి మాత్రం చెప్పాను.

ఏప్రిల్ 12

మిరపకాయ బస్తాల లోడింగు. రోజంతా తుమ్ములు. వేరే సంగతులు లేవు.

ఏప్రిల్ 14

వంటింటి గోడ మీద కాలెండరులో జూన్ 14 చుట్టూ అక్క నెల కిందటే బొగ్గుతో సున్నా చుట్టింది. నేటికి సరిగ్గా రెండు నెలలు. ఆ రోజు నరసరావుపేటలో, మిషను వాళ్ల ఆడపిల్లల ట్రైనింగు స్కూలు పెద్ద దొరసాని ముందు కూర్చుని వాయించి చూపించాలి. బాగుందంటే పాటల టీచరు ఉద్యోగం, ఉండడానికి ఒక గది. మతం మారక్కర్లేదని కాగితం మీద రాసి కూడా పంపారు. ఇదంతా మా మిషను ఆసుపత్రి డాక్టరమ్మ నిర్వాకం. ఫిబ్రవరిలో వాళ్ల దేశం పోతూ పోతూ ఈ వాద్యం అక్క చేతికిచ్చి, నరసరావుపేటకి ఉత్తరం రాసి మరీ రైలెక్కింది. స్టేషనులో ఆమె సామాను బుక్ చేసింది నేనే.

దాని అసలు పేరు చెల్లో. మా వీధిలో ఎవరికీ నోరు తిరగదు, పెద్ద ఫిడేలు అనేస్తారు. నేల మీద నిలబెట్టి మోకాళ్ల మధ్య పట్టుకుని వాయించాలి. నాలుగు తీగలు. కింది రెండూ వెండి తీగ చుట్టిన లావువి, అవి బాగానే ఉన్నాయి. పాట పలికేది పై రెండింటి మీద.

అక్కకి ముప్పై ఎనిమిదేళ్లు. గురజాల దగ్గర రాతి గనిలో బావ పోయేనాటికి పంతొమ్మిది. నా భార్య సుబ్బరత్నం మంచాన పడ్డప్పుడు చూసుకోవడానికి వచ్చింది. సుబ్బరత్నం పోయాక నాకు వండిపెడుతూ ఉండిపోయింది. నాలుగేళ్లయింది. ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ సాయంత్రాలు దీన్ని వాయిస్తుంటే స్తంభం చాటున నిలబడి వినేదట. ఏడాది కిందట ఒక రోజు ఆమె పిలిచి కూర్చోబెట్టి కమాను చేతికిచ్చిందట. అలా మొదలైంది.

నాకేం అభ్యంతరం లేదు. వెళతానంటే వద్దనేవాణ్ణి కాదు.

డాక్టరమ్మ ఒక కాగితం మీద మద్రాసు కొట్టు అడ్రసు రాసిచ్చింది. తీగల కోసం ఇవాళ ఆ కొట్టుకి ఉత్తరం రాశాను.

ఏప్రిల్ 19

ఉత్తరం ఇవాళ పోస్టులో వేశాను. కోటు జేబులో ఉండిపోయింది. వేరుశనగ బళ్ల హడావిడి. పోస్టాఫీసు స్టేషనుకి ఎదురుగానే ఉంది, నిజమే.

ఏప్రిల్ 25

పక్కింటి కోటమ్మ పిన్ని గోడ మీంచి పలకరించింది.

"ఏరా యల్లమందా, మీ అక్క కిరస్తానపోళ్ల బడికి పోద్దంటగా. ఆ పెద్ద ఫిడేలు మోకాళ్ల మజ్జన పెట్టుకోని అంతమంది ముందర కూకుంటదా?"

"ఇంకా ఏమీ అనుకోలేదు పిన్నీ. దానికి తీగలే లేవు."

"లేకపోతే పీడా పోయింది. అది పోతే నీకింత ముద్ద ఎవురేస్తారు?"

నేను నవ్వాను. అక్క లోపల చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. వినే ఉంటుంది. చెరిగే చప్పుడు మాత్రం ఆగలేదు.

పిన్ని మాట మొరటే గాని, అందులో అబద్ధమేమీ లేదు. షెడ్డు నుంచి వచ్చేసరికి ఇంట్లో దీపం వెలుగుతూ ఉంటుంది. కాళ్లు కడుక్కోవడానికి చెంబు గుమ్మం దగ్గర ఉంటుంది. ఇవేమంత పెద్ద సంగతులు కావు. కావు గాని, సుబ్బరత్నం పోయిన కొత్తల్లో అక్క పదిరోజులు ఊరికి పోయినప్పుడు ఈ ఇల్లు ఎలా ఉందో నాకు తెలుసు.

మే 4

మద్రాసు నుంచి జవాబు. యుద్ధం మొదలైన దగ్గర్నుంచి విదేశీ సరుకు రావడం లేదట. చెల్లో తీగలు ఒక్కటీ లేవట, ఎప్పుడొస్తాయో చెప్పలేరట. కావాలంటే తంబురాకి వేసే ఉక్కు తీగ లావుపాటిది వాడి చూసుకోవచ్చట.

అక్కకి చదివి వినిపించాను. డాక్టరమ్మ కాగితం అక్కే తెచ్చి నా ముందు పెట్టింది. అందులో తెలుగులోనే, వంకర అక్షరాలతో, రాసి ఉంది: తీగ మార్చవలసి వస్తే పేగు తీగలే కొనుము. ఉక్కువి వద్దు. కొత్తగా నేర్చుకొను వేళ్లు కోసుకొనును. పాత వాద్యము, ఆ బిగువునకు ఆగదు.

"దొరికేది అదే గదక్కా. ఉక్కుదే వేసి చూద్దాం" అన్నాను.

"నీకు తెలిసినంత నాకు తెలవదు. నువ్వు ఏళ్లతరబడి ఫిడేలు వాయించినోడివి. నువ్వెట్టా అంటే అట్టా."

రైలు గార్డు మస్తానయ్యతో చెప్పాను. గుంటూరులో తీగ చుట్ట పట్టుకొస్తానన్నాడు.

మే 11

తీగ వచ్చింది. నేనే కట్టాను. తీగల్ని మోసే చెక్కని ఫిడేలు వాళ్లం గుర్రం అంటాం. సగం బిగించేసరికే గుర్రం ముందుకి ఒరిగింది. పొట్ట చెక్క కిర్రుమంది. అక్క కమాను పెట్టి లాగింది. ఆ చప్పుడుకి కోటమ్మ పిన్ని ఇంట్లో గేదె కూడా తల తిప్పి ఉంటుంది. రెండోసారి లాగింది. మూడోసారి పాట ఎత్తుకోబోయి ఆపేసింది. చూపుడు వేలు చివర నెత్తురు.

వేలు నోట్లో పెట్టుకుని ఎడం చేత్తో తీగలు బిగించే బిరడాలు వదులు చేసి, ఉక్కు తీగలు రెండూ తీసి నా చేతిలో పెట్టింది.

"బట్టలారేసుకోటానికి పనికొస్తయ్యి" అంది.

ఎందుకో నాకు నవ్వు రాలేదు.

మే 12

తీగలు తెగిన ఆ రోజు సంగతి రాయకపోతే ఇది డైరీ ఎందుకు.

శ్రుతి చేసి పెడదామనే పెట్టె తీశాను. నేను నాటకాల కంపెనీలో ఏడేళ్లు ఫిడేలు వాయించినవాణ్ణి. సుబ్బరత్నం పోయాక నా ఫిడేలు అటక మీద పడేశాను గాని, చెయ్యి మరిచిపోతుందా. బిరడా పట్టుకుంటే నా వేళ్లు నన్నడగవు. ఫిడేలుకి కట్టినట్టే సా, పా, సా, పా అనుకుంటూ, కంపెనీ హార్మోనియం ఎక్కడ పలికేదో అక్కడికి లాగాను. మా వాళ్లెవరైనా అదే చేస్తారు. ఈ వాద్యం అంతకంటే కింద పలకాలని నాకెవరు చెప్పారు. పై తీగ ఠప్పుమని తెగి చెంపకి కొట్టింది.

పొరపాటు. చెబుదామనే ఉన్నాను. ఇప్పుడు చెప్పినా తీగ అతుక్కోదు కదా.

మే 20

అక్క కింది రెండు తీగల మీదే సాధన చేస్తోంది. పాటలో పైకి పోయే చోట ఆగి, ఆ భాగం గొంతుతో పాడుకుని, మళ్లీ కిందికి దిగినప్పుడు కమాను అందుకుంటోంది. వినలేక షెడ్డుకి ముందే వెళ్లిపోయాను.

మే 23, ఆదివారం

పొద్దున వీధిలో దూదేకుల సుభానీ వచ్చాడు. కోటమ్మ పిన్ని వాళ్ల పాత పరుపు విప్పి, వాకిట్లో దూది పోసుకుని ఏకుతున్నాడు. దూది ఏకే విల్లు అంటే మనిషంత పొడుగు కర్ర, దానికి లాగి కట్టిన పేగు నరం. చెక్క గుండుతో ఆ నరాన్ని కొడితే టంగ్, టంగ్ మని మోగి దూది ఎగురుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న చప్పుడే. నేను గడ్డం గీసుకుంటున్నాను.

అక్క చీపురు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. కొంచెం సేపు విన్నది. చీపురు గోడకి ఆనించి లోపలికి వచ్చి, గొంతులో ఆ టంగ్ ని అలాగే నిలబెట్టుకుని, చెల్లో దగ్గర కూర్చుని కింది తీగ మీద వేలు పెట్టి వెతికింది. దొరికింది.

"యల్లమందా, ఇది నా రెండో తీగేరా" అంది.

నెలన్నరగా ఆ ముఖంలో అంత వెలుతురు చూడలేదు. సబ్బు ఆరిపోతోందని చెప్పి అద్దం వైపు తిరిగాను.

మే 27

అక్క నా చేత షెడ్డులో సెలవు పెట్టించింది. ఇద్దరం ఊరి చివర సుభానీ ఇంటికి వెళ్లాం. వాకిట్లో రెండు గుంజలు పాతి, వాటి మధ్య నరాలు లాగి కట్టి ఆరబెట్టారు. పేగులు నానబెట్టిన కుండల వాసనకి నేను కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. నరం పేనే పని సుభానీ భార్య జీనత్‌ది. ఆమె పేగుని వెదురు బద్దతో గీకుతూ, అక్క చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నది.

"పాట పాడే దానికి నా నరం ఏందమ్మా" అన్నది చివరికి.

"పాడుద్ది పిన్నీ. మొన్న వీధిలో పాడింది."

జీనత్ నవ్వి లోపలికి పోయి నరాల కట్ట తెచ్చింది. మూడు పోగులు కలిపి పేనినవి, నాలుగువి, ఐదువి. సుభానీ ఒక్కొక్కటే ఉత్త విల్లుకి కట్టి, కాలితో తొక్కి పట్టి బిగించేవాడు. అక్క నేల మీద కూర్చుని, చెవి దగ్గర పెట్టి గోటితో మీటేది. ఐదు పోగులది బొంగురుపోయింది. నాలుగుది బాగుందంది, కాని గోరుతో రాసి చూసి పురి సమంగా లేదని పక్కన పెట్టింది. ఇంకో నాలుగుది. మళ్లీ మొదటిది. సుభానీ కాలు మార్చుకున్నాడే గాని విసుక్కోలేదు. నాతో ఏడాదిగా ఇన్ని మాటలు మాట్లాడని మనిషి అతనితో గంటసేపు నరాల గురించి మాట్లాడింది. ఎవరి దగ్గరా ఇంత గట్టిగా ఇది కావాలి, ఇది వద్దు అనడం నేను చూడలేదు.

కొలతకి పాత తీగలు కావాలన్నాడు సుభానీ. అక్క కొంగు ముడి విప్పింది. పసుపు డబ్బాలో ముక్కలు. అతను వాటిని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఇది ఎట్టా తెగిందమ్మా?"

"ఎండకి" అన్నాను నేను.

"ఎండకి కాదయ్యా. ఎండకి తెగితే నరం పెళుసైపోయి పురి విచ్చుకుంటది. ఇది సూడు, బిరడా కాడ సాగి సన్నబడి తెగింది. ఎవురో చానా బలంగా తిప్పారు."

"రెండూనా బాబాయ్?" అక్క అడిగింది.

"రెండూ అంతే."

అక్క నా వైపు చూడలేదు. "ఆ సన్నపు కట్ట ఇటియ్యి. పై తీగకి మూడు పోగులదే కావాల" అంది. పై తీగకి సరిపడేంత నున్నటిది కట్టలో దొరకలేదు. జీనత్ కొత్తది పేని పది రోజుల్లో ఇస్తానంది.

సుభానీకి వయసైపోయింది. చూపు ఆనడం లేదనుకుంటాను.

మే 28

సుభానీకి చూపు బాగానే ఆనుతోంది. ఆనడం లేదని నేనే కావాలని రాశాను.

జూన్ 1

అక్క మామూలుగానే ఉంది. చెంబు గుమ్మం దగ్గరే ఉంది. అరిస్తే బాగుండును. ఒంట్లో నలతగా ఉంది, జ్వరం అయితే లేదు.

జూన్ 8

సుభానీ తానే వచ్చి తీగలు ఇచ్చిపోయాడు. జీనత్ వాటిని గుర్రపు వెంట్రుకల కుచ్చుతో రుద్ది రుద్ది నున్నగా చేసింది. పై తీగకి రెండోది కూడా పేని పంపింది, అక్కర పడితే ఉంటుందని. అక్క వాటికి కొంచెం నువ్వుల నూనె రాసి, తానే కట్టుకుంది. నన్ను పిలవలేదు. నేను పెరటి గుమ్మంలో కూర్చుని కంది బేడల్లో రాళ్లు ఏరాను.

కొంచెం కొంచెంగా బిగిస్తూ, సాగిందాన్ని మళ్లీ బిగిస్తూ, సాయంత్రానికి శ్రుతికి తెచ్చింది. వాయించింది. మా అమ్మ వడ్లు దంచుతూ పాడే పాట. డాక్టరమ్మ తీగల మీద అది తళతళలాడేది. ఈ నరాల మీద కొంచెం బొంగురుగా ఉంది, పొద్దున్నే లేచిన మనిషి గొంతులాగ. అమ్మ గొంతు అలాగే ఉండేది. నాకు ఏడుపొచ్చింది. బేడల్లోకి కారాయి రెండు చుక్కలు.

పాట బాగుందని ఏడ్చానా, అక్క వెళ్లిపోతుందని ఏడ్చానా. రెండూ. రెండోదే ఎక్కువ.

జూన్ 12

రైల్లో గార్డు ఉండే బ్రేకు పెట్టెలో చెల్లోకి చోటు కావాలని ఇవాళ మస్తానయ్యకి చెప్పాల్సి ఉంది. మరిచిపోయాను. సాయంత్రం మళ్లీ స్టేషనుకి వెళ్లి చెప్పి వచ్చాను.

జూన్ 15

నిన్నటి సంగతి. రాయాలి.

ఆదివారం రైలుకే నరసరావుపేట వెళ్లి మస్తానయ్య బావమరిది ఇంట్లో పడుకున్నాం. తెల్లవారుజామున వాన కొట్టింది, ఈ ఏడు మొదటి వాన. స్కూలు హాల్లో బెంచీ మీద కూర్చుని అక్క పెట్టె తెరిచేసరికి పై తీగలు రెండూ తడిగాలికి జారిపోయి ఉన్నాయి. మీటితే గిన్నె మీద కొట్టినట్టు మోగాయి. బిరడాలేమో చెమ్మకి ఉబ్బి పట్టేశాయి. అక్క మణికట్టుకి తిరగడం లేదు. రెండు చేతులతో పట్టి తిప్పినా కదల్లేదు. పక్క గదిలో పెద్ద దొరసాని కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

అక్క చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు చెయ్యరా" అంది.

"నేనా? వద్దక్కా. నా చెయ్యి మంచిది కాదు."

"తెగేది యాడ్నో నీకు తెలుసుగా. దానికి ముందర ఆపు."

గొంతులో కోపం లేదు. ఎసట్లో నీళ్లు ఎంత పొయ్యాలో చెప్పినట్టు చెప్పింది. నాకు సిగ్గేసింది. ఇరవై ఏళ్ల నాడు వెయ్యిమంది ముందు అపస్వరం పలికినప్పుడు కూడా అంత సిగ్గు వెయ్యలేదు.

బిరడా పట్టుకున్నాను. అరచేతిలో చెమట. కొంగుతో నా చెయ్యి తుడిచింది. తిప్పాను. వెంట్రుకవాసి. అక్క సన్నగా స్వరం పట్టి నిలబెట్టింది. ఆ స్వరం దాకా వెళ్లాను. నా వేళ్లు ఇంకా పైకి పోదామన్నాయి, వాటి అలవాటు వాటిది. ఆపాను. రెండో తీగ. ఆపాను.

పెద్ద దొరసాని ఇద్దరు టీచరమ్మలతో వచ్చి కూర్చుంది. అక్క అమ్మ పాట వాయించింది. రెండో చరణంలో వేలు జారింది. ఆగి, ఆ చరణం మొదట్నుంచి ఎత్తుకుంది, సర్దుకున్న సంగతి దాచుకోకుండా. అయిపోయాక ఆ దొరసాని లేచి వచ్చి, తీగని వేలితో తాకి, ఇవి ఎక్కడ కొన్నారని అడిగింది.

"మాచర్లలోనమ్మా. సుభానీ బాబాయ్ కాడ" అంది అక్క.

జూలై ఒకటి నుంచి రమ్మన్నారు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని సగం దూరం నిద్రపోయింది. నడికుడిలో లేచి, "మజ్జిగ పులుసు పెట్టటం చూపిస్తా. ఇంకా పదిహేను రోజులుందిగా" అంది. నేను సరేనన్నాను. వేరే మాట చెప్పాలని నోరు తెరిచాను. బండి కదిలింది.

జూన్ 22

నేను పెట్టిన మజ్జిగ పులుసు విరిగిపోయింది. అక్క తిన్నది.

జూన్ 30

అక్కని రైలెక్కించాను. పెట్టె బ్రేకులో జాగ్రత్తగా ఆనించాడు మస్తానయ్య. కోటమ్మ పిన్ని కూడా స్టేషనుకి వచ్చి, "ఉత్తరం రాయే నాంచారమ్మా" అని ఏడ్చింది. అక్క నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

జూలై 4, ఆదివారం

పప్పులోకి పసుపు కోసం డబ్బా మూత తీశాను. జీనత్ ఎక్కువగా పేనిన తీగని అక్క తనతో తీసుకుపోయింది. పాత ముక్కలు రెండూ అడుగున ఉన్నాయి, పచ్చగా. మరిచిపోయి వదిలే మనిషి కాదు. తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. మొదటి రోజే వీటిని దాచింది. చూడగానే తెలిసి ఉంటుంది. అయినా ఎనభై రోజులు నాకు వండిపెట్టింది.

ఏప్రిల్ 11 పేజీ తీసి, ఎండలకి అన్న మాట కొట్టేశాను. మే 12న సగమే రాశాను. మిగతా సగం ఇది.

మొదటి తీగ పొరపాటునే తెగింది. అందులో అబద్ధం లేదు. చెంప మండుతుంటే అక్కడే కూర్చున్నాను. వంటింట్లో కాలెండరు కనిపిస్తోంది, బొగ్గు సున్నా కనిపిస్తోంది. అక్క రావడానికి ఇంకా గంట ఉంది. అప్పుడు రెండో తీగ బిరడా మీద చెయ్యి వేశాను.

ఎక్కడ తెగుతుందో అప్పటికి నాకు తెలుసు. ఆపలేదు.